సూర్యుడి ముంగిట శిలాఫలకం

ప్రజాధనంతో కట్టిన ప్రతిదానికీ శిలాఫలకం ఉండి తీరాలని ప్రభుత్వం ఒక ఉత్తర్వు వేసింది. ఊరికే వేయలేదు. ఎక్కడో ఒక మండలంలో బస్సు షెల్టరుకి ఫలకం పెట్టడం మరిచిపోతే, ముగ్గురు నాయకులు ఒకరి తరవాత ఒకరు వచ్చి దాన్ని మూడుసార్లు ప్రారంభించారు. మూడోసారి రిబ్బను కత్తిరించేనాటికి షెల్టరుకి పైకప్పు లేదు. అయినా కార్యక్రమం ఘనంగానే జరిగింది. ఆ ముచ్చట పేపర్లకెక్కేసరికి ప్రభుత్వానికి రోషం వచ్చింది. ఇకమీదట ఎంత చిన్నదైనా, ఎక్కడ ఉన్నా, నల్ల గ్రానైటు రాయి మీద పెద్దల పేర్లు చెక్కించి తెర తీసేదాకా అది కట్టినట్టే కాదని తేల్చేసింది. దాంతో బోరుపంపులకి ఫలకాలొచ్చాయి. చెత్తకుండీలకి వచ్చాయి. ఒక పట్నంలో ఫలకాలు చెక్కే షెడ్డుకి కూడా ఫలకం పెట్టారు.

ఈ ఉత్తర్వుకీ డాక్టర్ వకుళకీ ఏ సంబంధమూ ఉండాల్సిన పనిలేదు. ఆవిడ గగన పరిశోధనా మండలిలో శాస్త్రవేత్త. ఆ మండలి వారు సముద్రపు ఒడ్డున సరుగుడు తోపుల మధ్య ఒక పెద్ద షెడ్డులో మార్తాండ అనే నౌకని తయారుచేస్తున్నారు. మనుషులెక్కే నౌక కాదు. తనంత తానే వెళ్ళి సూర్యుడి చుట్టూ తిరుగుతూ, చుట్టు చుట్టుకీ ఇంకాస్త దగ్గరికి జరుగుతూ, అక్కడి సంగతులు మనకి చెబుతుంది. ముందువైపు దళసరి కవచం ఒకటి గొడుగులా అడ్డం పెట్టుకుని వెళుతుంది. పరికరాలన్నీ ఆ కవచం నీడలో బుద్ధిగా కూర్చుంటాయి. ఒక్కటి మాత్రం కవచం అంచు మీదుగా తల బయటికి పెట్టి సూర్యుడి మొహంలోకి సూటిగా చూస్తుంది. అది వకుళ తయారుచేసిన గిన్నె.

నిజంగానే గిన్నె. పప్పులోకి పోపు పెట్టుకునే గిన్నె కంటే కాస్త పెద్దది, అంతే. సూర్యుడి నుంచి వెలుగొక్కటే కాదు, ఒక రకమైన గాలి కూడా వీస్తూ ఉంటుంది. ఆ గాలిని పట్టి ఎంత జోరుగా వస్తోందో, ఎంత వేడిగా ఉందో చెప్పడం గిన్నె పని. పొయ్యి దగ్గర ఉన్నదానికంటే వీధి గుమ్మంలో ఎక్కువ సెగ తగిలితే ఎంత విడ్డూరమో, సూర్యుడి దగ్గర అంత విడ్డూరమూ జరుగుతోంది. ఒంటి మీద కంటే చుట్టూ ఉన్న పొరలో వేడి ఎక్కువ. అదెందుకో తెలుసుకోవాలని వకుళ ఉద్యోగ జీవితమంతా ఈ గిన్నె మీదే ధారపోసింది. పెళ్ళిళ్ళకి వెళ్ళలేదు, ప్రమోషన్ల కోసం తిరగలేదు. కరిగిపోని లోహం కోసం వెతికింది, పగిలిపోయిన ప్రతి గిన్నెకీ ఏడ్చింది, మళ్ళీ మొదలుపెట్టింది. అది ఎగిరితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేది.

అలాంటి రోజుల్లో రాజధాని నుంచి ప్రోటోకాల్ విభాగం ఉపకార్యదర్శి కుక్కుటేశ్వరరావు గారు తనిఖీకి దిగారు. పెద్దమనిషి. మాట మెత్తన, ఇస్త్రీ కరుకు. లోపల దుమ్ము పడకూడదని ఆయనకి తెల్ల ముసుగూ తెల్ల తొడుగులూ వేసి తీసుకెళ్ళారు. ఆయన నౌక చుట్టూ నిదానంగా ప్రదక్షిణం చేసి, అడుగు భాగం కూడా వంగి చూసి, డైరెక్టరు అప్పలాచార్యులు గారి వైపు తిరిగారు.

"అంతా బ్రహ్మాండంగా ఉందండీ. ఫలకం ఏది?"

డైరెక్టరు గారు నవ్వారు. కుక్కుటేశ్వరరావు గారు నవ్వలేదు. అది చూసి డైరెక్టరు గారు కూడా మానేశారు.

"ఇది నౌక కదండీ, గాల్లోకి పోయేది..."

"అయ్యా, సదరు ఉత్తర్వులో 'ఎక్కడ ఉన్నా' అని స్పష్టంగా ఉంది. గాల్లోకి పోయేవాటికి మినహాయింపు ఉన్నట్టు నా దృష్టికి రాలేదు. మీ దృష్టికి వస్తే చెప్పండి, తలవంచి ఒప్పుకుంటాను."

డైరెక్టరు గారి దృష్టికి కూడా రాలేదు. ఆయన పదవిని ఇంకొక్క ఏడాది పొడిగించే కాగితం ఆ రాజధానిలోనే ఏదో బల్ల మీద ఉంది. అందుకని ఆయన దృష్టి ఆ మధ్య కొంచెం మందగించింది. "పలచటి రేకు మీద చిన్నగా చెక్కిస్తే..." అని నసిగారు.

"శిల అంటే శిలేనండీ. రేకు పెడితే రేపు ప్రతి పంచాయతీవాడూ రేకే పెడతాడు."

అక్కడ ఖాదర్ వలీ అనే ఇంజనీరు ఉన్నాడు. నౌక మొత్తం బరువు లెక్క చూసేది ఆయనే కాబట్టి అందరూ బరువుల వలీ అంటారు. రాకెట్టు ఇంత బరువే మోస్తుంది, పిసరంత ఎక్కువైనా మోయదు. అంచేత ప్రతి మేకునీ తూచిగానీ లోపలికి రానివ్వడు. డైరెక్టరు గారు దిష్టికి నిమ్మకాయ కట్టించబోతే తొడిమతో సహా తూచిన మనిషి. గ్రానైటు అన్న మాట వినగానే వలీ మొహం వాడిపోయింది.

"సార్, రాయి ఎక్కాలంటే ఏదో ఒకటి దిగాలండీ."

దిగింది. మొదట దిగింది పినాకపాణి గారి పరికరం. సూర్యుడి చుట్టూ తిరిగే ధూళిని లెక్కపెట్టేది. పాణి గారు పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడు. "దుమ్ము గురించి మనకి తెలియనిదేవుందండీ, మా ఆఫీసుకొచ్చి చూడండి," అన్నారు కుక్కుటేశ్వరరావు గారు, ఓదార్పుగానే. పాణి గారు తన పరికరాన్ని పాత పంచెలో చుట్టుకుని తీసుకెళ్ళి బీరువాలో పెట్టుకున్నారు. ఆ రోజు క్యాంటీన్‌లో ఆయన టీ తాగలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ ఫలకం మీద ముఖ్యుల పేర్ల కింద స్థానిక ప్రజాప్రతినిధి పేరు ఉండాలి. కట్టడం ఏ నియోజకవర్గంలో ఉంటే ఆ ప్రతినిధి పేరు. మరి సూర్యుడు ఏ నియోజకవర్గంలోకి వస్తాడు?

దీని మీద సమావేశం జరిగింది. సూర్యుడు రోజూ ఉదయించేది తన నియోజకవర్గంలోనే అని తూర్పు తీరం ప్రతినిధి సముద్రం ఫొటోలతో సహా నిరూపించాడు. "ఉదయించడానికేవుందండీ, చివరికి చేరేది మా కొండల్లోకే కదా! మనిషి ఎక్కడ పడుకుంటే అదే వాడి ఇల్లు," అన్నాడు పడమటి ప్రతినిధి. బొగ్గుగనుల వైపు నుంచి వచ్చిన మూడో ఆయన లేచి, "పొద్దున ఒకకాడ, మాపటికి ఒకకాడ ఉంటడు గానీ, ఆయన నిలబడి పనిచేసేది మా దగ్గరనే. వడదెబ్బల్ల మమ్మల్ని కొట్టినోడున్నడా?" అని బల్ల గుద్దాడు.

కుక్కుటేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "సదరు సూర్యుడు అన్ని నియోజకవర్గాలనూ సమదృష్టితో ప్రకాశింపజేయుచున్నందున, ప్రతినిధులందరినీ స్థానికులుగానే పరిగణించడం ఉచితమని విభాగం అభిప్రాయం."

చప్పట్లు మోగాయి. వకుళ వెనక వరసలోంచి లేచి, అన్ని పేర్లు పట్టాలంటే అక్షరాలు సన్నంగా చెక్కించవచ్చు కదా అంది.

"వీల్లేదు మేడమ్. అక్షరం చూపుడువేలంత ఎత్తుకి తగ్గకూడదు. దారినపోయేవాళ్ళు దూరం నుంచే చదవగలగాలి."

"అక్కడ దారినపోయేవాళ్ళెవరండీ?"

"చదివేవాళ్ళు లేరని పెద్దల మర్యాద తగ్గిస్తామా?" అన్నారు ఆయన, నిజంగానే నొచ్చుకుని.

రాయి పెరిగింది. నలుగురు మోసే రాయి కాస్తా క్రేను మోసే రాయి అయింది. అయస్కాంతబలం కొలిచే కడ్డీ దిగిపోయింది. ఎక్స్-కిరణాల పెట్టె దిగిపోయింది. ఒక్కో పరికరం దిగినప్పుడల్లా డైరెక్టరు గారికి మనసు కలుక్కుమనేది. ఆయన చెడ్డవాడు కాదు. ఒకప్పుడు ఆయన కూడా పరికరాలు చేసినవాడే. అందుకని ఒక ఉపాయం ఆలోచించారు. తమ పరికరాలని త్యాగం చేసిన శాస్త్రవేత్తల పేర్లు కూడా ఫలకం మీద, అడుగు వరసలో, చెక్కించాలని ప్రతిపాదించారు. విభాగం వెంటనే ఒప్పుకుంది. ఆ పేర్లకి చోటు కావాలి కాబట్టి రాయి ఇంకాస్త పెరిగింది. రాయి పెరిగింది కాబట్టి ఇంకో పరికరం దిగింది. అది దిగింది కాబట్టి దాని తాలూకు శాస్త్రవేత్తల పేర్లు ఎక్కాయి.

"మేడమ్, ఇది ఆగేది కాదు," అన్నాడు వలీ ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో, సాంబారన్నం కలుపుతూ. "లెక్క వేసి చూశాను. పరికరాలు అయిపోయాకే ఆగుతుంది."

"గిన్నె సంగతి?"

వలీ కలిపిన అన్నాన్నే మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. ఆ క్యాంటీన్‌లోనే అవతలి బల్ల దగ్గర ఎక్స్-కిరణాల వాళ్ళు రాయి మీద తమ పేర్లు ఎలా వచ్చాయో సెల్‌ఫోన్లలో చూసుకుంటున్నారు. ఇనిషియల్ తప్పు పడిందని ఒకాయన గోల పెడుతున్నాడు. పాణి గారు కూడా ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసుకుని, "నల్లరాయి మీద బంగారు అక్షరాలు బానే ఉంటాయమ్మా వకుళా," అన్నారు. ఆయన కళ్ళు మాత్రం బాగా లేవు. వకుళకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదని మండాలో తెలియక నీళ్ళు తాగేసి లేచింది.

తరవాతి ప్రశ్న ఫలకం ఎటు తిరగాలన్నది. వచ్చేవారికి ఎదురుగా ఉండాలని రూలు. ఆ చోట ఎదురుగా ఉండేది సూర్యుడొక్కడే. కాబట్టి ఫలకాన్ని కవచానికి ముందువైపే బిగించాలని నిర్ణయమైంది.

వలీ ఉండబట్టలేకపోయాడు. "సార్, ఆ వేడికి రాయి కరిగిపోతుందండీ!"

"కరగడం నిర్వహణ కిందకి వస్తుంది వలీ గారూ. అది వేరే విభాగం. ఆవిష్కరణ నాటికి ఉంటే మన బాధ్యత తీరిపోతుంది."

ఇక ఫొటో. ఆవిష్కరణకి ఫొటో లేకపోతే ఆవిష్కరణ జరిగినట్టే కాదు. నౌకలో సూర్యుణ్ణి ఫొటో తీయడానికి ఒక కెమెరా మిగిలి ఉంది. దాన్ని పొడుగాటి కడ్డీ చివర పెట్టి ఫలకం వైపు తిప్పారు. "వెనకాల సూర్యుడు కూడా కొంచెం పడితే బాగానే ఉంటుంది గానీ, పేర్ల మీద వెలుగు కొట్టకూడదు," అని కుక్కుటేశ్వరరావు గారు జాగ్రత్త చెప్పారు.

వకుళ భయపడిన రోజు రానే వచ్చింది. డైరెక్టరు గారు గదికి పిలిచి, కుర్చీ చూపించి, కాఫీ తెప్పించారు. ఆయన కాఫీ తెప్పించారంటే మంచి వార్త కాదని మండలిలో అందరికీ తెలుసు. పక్కనే కుక్కుటేశ్వరరావు గారు ఎర్ర మఖమలు గుడ్డ ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"అమ్మా వకుళా, ఫలకానికి తెర కావాలిట. తెర అంటే గుడ్డ ఒక్కటే కాదు కదా, దాన్ని లాగే సరంజామా ఉంటుంది. బరువు చూస్తే... నీ గిన్నె ఒక్కటే మిగిలింది. నీ పేరు అడుగు వరసలో కాకుండా, కాస్త పైన వేయిస్తాను. నా మాట."

వకుళకి ఆ క్షణాన డైరెక్టరు గారి బల్ల మీదున్న పేపర్‌వెయిట్ తీసి ఏం చేయాలనిపించిందో రాయడం మర్యాద కాదు. కాఫీ చల్లారిపోతుంటే చూస్తూ కూర్చుంది.

కుక్కుటేశ్వరరావు గారు ఆ నిశ్శబ్దాన్ని అంగీకారం కింద జమకట్టుకుని, తెర సంగతి వివరించడం మొదలుపెట్టారు. "తెర తీయడం ఇక్కడే కానిచ్చేద్దామంటే కుదరదండీ. కట్టడం ఉన్న చోటే జరగాలి. మంత్రిగారు ఇక్కడ సభలో మీట నొక్కుతారు, అక్కడ తెర తొలగాలి. ఆ కబురు అక్కడికి చేరడానికి ఎనిమిది నిమిషాలు పడుతుందని వలీ గారు అన్నారు. ఆ ఎనిమిది నిమిషాలూ మంత్రిగారు ఉపన్యసిస్తారు. దానికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా తెరని పక్కకి లాగి పట్టుకోవడానికి కవచం అంచుకి బయట ఒక గట్టి ఆధారం కావాలి. ఎండకి తట్టుకునేది. గుండ్రంగా, తాడు చుట్టుకునేలా ఉంటే మరీ మంచిది. అలాంటిది తయారుచేయడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఏమిటో..."

వకుళ తల ఎత్తింది.

"గిన్నెలా ఉంటే పనికొస్తుందాండీ?"

"గిన్నె అయితేనేం, గంగాళమైతేనేం?"

"అయితే అది తయారుగానే ఉందండీ," అంది వకుళ. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. "మనం ఇన్నాళ్ళూ దాన్ని పరికరం అనుకున్నాం. అది తెర సరంజామాకే సరిగ్గా సరిపోతుంది. అంచుకి బయటే ఉంటుంది. కరగదు."

డైరెక్టరు గారు వకుళ వైపు చూశారు. ఆయనకి అర్థమైంది. ఆయన చేసిన మంచిపని ఏమిటంటే, అర్థమైనట్టు కనిపించకుండా కాఫీ తాగారు.

కుక్కుటేశ్వరరావు గారి మొహం వెలిగింది. "ఈ ముక్క ముందే చెబితే ఎంత శ్రమ తప్పేదండీ! అయితే మేడమ్, ఒక్కటేనా? సరిగ్గా మంత్రిగారు మీట నొక్కినప్పుడు అది మొరాయిస్తే? రెండుండాలి. దానికి కరెంటు విడిగా ఇవ్వండి, ఇంకోదానితో కలపొద్దు. ఏదైనా తేడా వస్తే మనకి వెంటనే తెలియాలి, కాబట్టి అది ఎలా ఉందో ఎప్పటికప్పుడు కబురు వస్తూ ఉండాలి."

రెండో గిన్నె కావాలని వకుళ పెట్టుకున్న అర్జీలు ఎన్నిసార్లు తిరిగొచ్చాయో మండలిలో అందరికీ తెలుసు. విడి కరెంటు లైను అడిగినందుకు ఒకసారి మందలింపు కూడా పడింది. ఇప్పుడవన్నీ అడక్కుండానే మంజూరయ్యాయి. ఫలకాన్నే అక్కడ రెండు వేళ్ళు ఇక్కడ రెండు వేళ్ళు తగ్గించి, రాయి వెనకవైపు తొలిపించి మరీ చోటిచ్చారు. ఆ రోజు డైరెక్టరు గారి గది బయటికి వచ్చాక వకుళ వరండా స్తంభం పట్టుకుని, నవ్వో ఏడుపో తెలియకుండా నిలబడింది.

మార్తాండ ఎగిరింది. సూర్యుడి వైపు మనిషి పంపిన అతి బరువైన నల్లరాయి అదేనని విభాగం గర్వంగా ప్రకటించింది. దారిలో ఉండగానే గిన్నెలు రెండూ పనిచేయడం మొదలుపెట్టాయి. గాలి ఆనవాళ్ళు పలచగా మొదలై, రోజురోజుకీ చిక్కబడుతూ కంప్యూటరు మీద గీతలుగా పాకుతుంటే, వకుళ కుర్చీ దిగకుండా చూస్తూ కూర్చునేది. ఇన్నేళ్ళూ ఊహించుకున్న గాలి అది. నిజంగా వచ్చి తన గిన్నెలో పడుతోంది. ఆవిడ అంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

ఆ సంతోషంలో ఉండగానే కుక్కుటేశ్వరరావు గారు ఫోను చేశారు.

"మేడమ్, ముహూర్తం నిర్ణయమైంది. మొదటి చుట్టులోనే, దగ్గరికి చేరకముందే. ఒక చిన్న విషయం. తెర తీసిన మరుక్షణం ఆ సరంజామా శాశ్వతంగా ఆపేయాలి. కరెంటు తీసేయాలి. లేకపోతే తెర మళ్ళీ మూసుకుంటుంది. మూసుకుంటే ఇంకెవరైనా వచ్చి మళ్ళీ తీస్తారు. బస్సు షెల్టరు గుర్తుంది కదండీ!"

దగ్గరికి చేరకముందే ఆపేస్తే గిన్నె వెళ్ళిందీ వెళ్ళనిదీ ఒకటే. అసలు సంగతి ఉన్నది ఆ చివరి దగ్గరలోనే. "కొంచెం వాయిదా వేయించండి" అని వకుళ బతిమాలింది. మంత్రిగారి ముహూర్తం సూర్యుడి కోసం మారదని ఆయన మెత్తగా చెప్పారు.

ఆవిష్కరణ రోజు సభామందిరం కిటకిటలాడింది. వేదిక మీద పచ్చని మామిడి తోరణం, దాని కింద దోసకాయంత ఎర్ర మీట. కొబ్బరికాయ కొట్టారు. ప్రార్థనాగీతం పాడారు. వకుళ, వలీ ఒక మూల కంప్యూటరు ముందు కూర్చున్నారు. మీట నొక్కగానే గిన్నెలని ఆపేసే ఆదేశం కూడా దానితోపాటే వెళ్ళేలా విభాగం వారు దగ్గరుండి ఏర్పాటు చేయించారు. వకుళ గీతల వైపు చూస్తోంది. వలీ ఆవిడ వైపు చూడలేక కొబ్బరిముక్కలు తూస్తున్నట్టు అరచేతిలో ఎగరేస్తున్నాడు.

మంత్రిగారు లేచారు. చూపుడువేలు చాచారు. ఫొటోగ్రాఫర్లు "సార్, ఇటు సార్, అలాగే ఉండండి సార్" అన్నారు. ఆయన అలాగే ఉన్నారు. వేలికీ మీటకీ మధ్య చీమ దూరేంత సందు ఉంది. అప్పుడు ఆయన సహాయకుడు వంగి చెవిలో ఏదో చెప్పాడు.

మంత్రిగారి వేలు నెమ్మదిగా ముడుచుకుంది. రాజధానిలో అప్పుడే మంత్రివర్గం మారిందిట. ఈయన ఇప్పుడు మంత్రి కాదుట.

హాల్లో గుసగుసలు లేచాయి. మాజీ మంత్రిగారు ఎలాగూ వచ్చాం కదా నొక్కి పోదామని మళ్ళీ చెయ్యి చాచబోతే, కుక్కుటేశ్వరరావు గారు మీట మీద శాలువా కప్పి దానికి అడ్డంగా నిలబడ్డారు. అంత వేగంగా కదలగలరని ఆయనకే తెలిసి ఉండదు. "క్షమించాలండీ. తమరికి ప్రస్తుతం ఆవిష్కరణార్హత లేదు."

కొత్త మంత్రిగారు బాధ్యతలు తీసుకున్నాక ఫైలు ఆయన ముందుకి వెళ్ళింది. ఆయన ఒకే మాట అడిగారుట. "ఆయన పేరున్న రాయికి నేను తెర తీయాలా?" పేరు మార్పిద్దామంటే రాయి అందుబాటులో లేదు. పాత పేరుతో తీయడానికి వీల్లేదు. అలాగని వదిలేయడానికీ వీల్లేదు, ఉత్తర్వు ఉంది. చివరికి విభాగం నుంచి ఆదేశం వచ్చింది: "సదరు ఆవిష్కరణ మహోత్సవం తదుపరి ఆదేశాలు వెలువడువరకూ వాయిదా వేయడమైనది. అంతవరకూ తెర సరంజామాను నిరంతరాయంగా, సర్వసన్నద్ధంగా ఉంచవలెను. ఇందులో అలసత్వం సహించబడదు."

వకుళ ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంది.

అప్పటినుంచీ మార్తాండ తిరుగుతూనే ఉంది. చుట్టు చుట్టుకీ దగ్గరికి జరుగుతోంది. గిన్నెలు గాలి పడుతున్నాయి. ఆ గాలిలో వకుళ ఎన్నడూ అనుకోని మెలికలున్నాయి, వెనక్కి తిరిగి వీచే పాయలున్నాయి. ఆ వేడి ఎక్కడినుంచి వస్తోందో గుట్టు కొద్దికొద్దిగా విడుతోంది. నెలనెలా ఆవిడ విభాగానికి ఒక నివేదిక పంపుతుంది: తెర సరంజామా సక్రమంగా పనిచేయుచున్నది, ఆవిష్కరణ జరగలేదు. రెండు ముక్కల్లోనూ అబద్ధం లేదు.

తెర సంగతి మాత్రం రాయదు. ఎందుకంటే ఒకరోజు వలీ, ఫలకం వైపు తిప్పిన ఆ కెమెరా తీసిన ఫొటో తెచ్చి తలుపు మూసి చూపించాడు. మఖమలు ఎప్పుడో మాడి మసైపోయింది. రాయి పైపొర కరిగి, జారి, మళ్ళీ బిగుసుకుని, నున్నగా నిగనిగలాడుతోంది.

"ఒక్క పేరూ లేదు మేడమ్," అన్నాడు వలీ.

"అడుగు వరస?"

"అదీ లేదండీ."

ఆ సాయంత్రమే పాణి గారు ఆవిడ గదికి వచ్చారు. రిటైరైపోయి ఇంటికి వెళ్ళలేక, సలహాదారు అనే పేరుతో పాత గదిలోనే కూర్చుంటున్నారు. "వకుళా, ఫొటో వచ్చిందిటగా. నా పేరు కనపడుతోందామ్మా? మనవరాలు అడుగుతోంది."

వకుళ బల్ల మీది ఫొటోని కాగితాల కిందకి తోసింది. "ఆవిష్కరణ కాకుండా చెప్పకూడదండీ పాణి గారూ," అంది. ఆయన "అవునవును, రూలు రూలే" అని తల ఊపుకుంటూ వెళ్ళిపోయారు. ఆయన బీరువాలో పంచెలో చుట్టి ఉన్న పరికరం గుర్తొచ్చి, ఆవిడకి తన గిన్నె మొదటిసారి బరువుగా అనిపించింది.

కొత్త మంత్రిగారు చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. పాత రాయి పక్కనే తన పేరుతో కొత్త రాయి నిలబెట్టాలని, అందుకోసం రెండో మార్తాండని పంపాలని నిర్ణయించారు. కుక్కుటేశ్వరరావు గారు మళ్ళీ దిగారు. ఈసారి నేరుగా వకుళ గదికే వచ్చారు.

"మేడమ్, పరికరాల గొడవ ఈసారి మొదటినుంచీ పెట్టుకోవడం లేదు. ఒక్కటి కూడా వద్దని స్పష్టమైన ఆదేశం. ఫలకం, తెర, అంతే. తెర విషయంలో మీ అనుభవం మాకు కొండంత అండ. సరంజామా ఏమేం కావాలో చెప్పండి, ఎంత బరువైనా సరే."

వకుళ నిదానంగా కళ్ళజోడు తుడుచుకుంది.

"గిన్నెలు నాలుగు కావాలండీ. గుడ్డ ఎటు ఊగుతుందో తెలియడానికి అయస్కాంతపు కడ్డీ ఒకటి ఉండాలి. గుడ్డలో చిరుగులు కనిపెట్టాలంటే ఎక్స్-కిరణాల పెట్టె తప్పదు."

"రాసుకో, రాసుకో," అన్నారు ఆయన వెంట వచ్చిన సెక్షను ఆఫీసరుతో.

"ఇంకొకటుందండీ. పోయినసారి నేనూ ఆలోచించలేదు. అక్కడ ధూళి ఎక్కువ. తెర మీద దుమ్ము పేరుకుంటే, తీసేటప్పుడు అదంతా మంత్రిగారి పేరు మీదే పడుతుంది."

కుక్కుటేశ్వరరావు గారు ఆ దృశ్యాన్ని ఊహించుకుని నిజంగానే ఉలిక్కిపడ్డారు. "ఎంతమాట! దానికేమైనా ఉపాయం ఉందాండీ?"

"దుమ్ము ఎంత పడుతోందో రేణువు రేణువూ లెక్కపెట్టే సరంజామా ఒకటుంది. తయారుగానే ఉంది. అది చేసిన ఆయన కూడా ఇక్కడే ఉన్నారు."

ఆవిడ లేచి వరండాలోకి వెళ్ళి పాణి గారి గది తలుపు తోసింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని పేపరు చదువుకుంటున్నారు.

"పాణి గారూ, బీరువా తెరవండి."

"ఎందుకమ్మా?"

"తెర సరంజామాలో మీదీ ఉంది."

ఆయన ఆవిడ మొహంలోకి చూసి పేపరు మడిచారు. లేచి బీరువా తెరిచి, పంచె మూట బల్ల మీద పెట్టి ముడి విప్పారు. పరికరం మీద దుమ్ము పేరుకుని ఉంది. ఆయన దాన్ని పంచె కొసతో తుడవబోయి ఆగి, భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు.